‘మిసెస్ సేన్స్’ కథ: రెండు దృక్పథాలను కలిపే చోటు

ఝుంపా లాహిరి 1999 నాటి సంపుటిలోని ‘మిసెస్ సేన్స్’ కథపై మీ వ్యాసంలో వలసానంతర (పోస్ట్‌కలోనియల్), స్త్రీవాద విశ్లేషణలు దేనికది విడిపోతున్నాయని రాశారు. ఆ రెంటినీ కత్తిపీట దగ్గర కలపండి. స్వదేశమైన భారత్‌లో పెళ్లి వస్తే ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ కత్తిపీటలతో మేడ మీద చేరి, రాత్రంతా కబుర్లతో కూరలు తరిగేవారని చెప్పే మిసెస్ సేన్, అమెరికాలో పేపర్లు పరుచుకొని ఒంటరిగా తరిగి, తాను చూసుకునే ఎలియట్ అనే బాలుడి తల్లి వచ్చేలోగా దాన్ని కడిగి, తుడిచి దాచేస్తుంది. నా దృష్టిలో కథకు గుండెకాయ ఇదే: పరాయి చూపుకు జంకే ప్రవాసి, ఆ వంటపనిలోనే తన విలువను వెతుక్కునే ఇల్లాలు ఇక్కడ వేరుకారు. ఆమె దుఃఖం పదకొండేళ్ల అమెరికన్ బాలుడైన ఎలియట్ గమనించినంత మేరకే మనకు అందుతుందన్న విషయాన్నీ తప్పక చర్చించండి.