ఒక్క ‘హ్యాడ్’ గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఇంగ్లీషు కథను రెండుసార్లు చదివాను. పాత్రల గురించి, ముగింపు గురించి మరోసారి రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం ఒకే ఒక్క మాటకు సంబంధించినది. మొదటి రెండు పేజీల్లో ‘హ్యాడ్’ అనే సహాయక క్రియ 14 చోట్ల ఉంది. లెక్కపెట్టి మరీ చెబుతున్నానని నొచ్చుకోవద్దు. వాటిలో 12 కొట్టేశాను, రెండు ఉంచాను, నిజంగా కావలసి ఉండీ నువ్వు వాడని చోట ఒకటి చేర్చాను.

నీ కథ ‘లాస్ట్ ఇయర్ మీరా హ్యాడ్ జాయిన్డ్ ఎ లైబ్రరీ’ అన్న వాక్యంతో మొదలవుతుంది. జరిగి ఏడాదైంది కాబట్టి సింపుల్ పాస్ట్, అంటే ‘జాయిన్డ్’ వంటి మామూలు భూతకాల రూపం, చాలదని, మరికొంత వెనకటి కాలం వాడాలని నీకు తోచి ఉంటుంది. కానీ పాస్ట్ పర్‌ఫెక్ట్‌కూ, అంటే ఈ హ్యాడ్ చేరిన రూపానికీ, కాలదూరానికీ సంబంధం లేదు. వెయ్యేళ్ళ కిందటి యుద్ధాన్నైనా సింపుల్ పాస్ట్‌లోనే చెప్పవచ్చు, పది నిమిషాల కిందటి సంగతికైనా హ్యాడ్ అవసరం పడవచ్చు. గతంలోనే ఒక చోట నిలబడి, అక్కడి నుంచి ఇంకా వెనక్కి చూసినప్పుడే దాని అవసరం వస్తుంది. ఆ నిలబడే చోటు ఆ వాక్యంలోనో, దాని చుట్టుపక్కల వాక్యాల్లోనో లేకపోతే పాఠకుడు ‘దేనికి ముందు?’ అని ఎదురుచూస్తాడు. నీ కథలో అతనికి జవాబు దొరకదు. ‘జాయిన్డ్’ అంటే చాలు.

అలాగే ‘షి హ్యాడ్ లాక్డ్ ద డోర్ అండ్ వెంట్ అవుట్’ అని రాశావు. రెండు పనుల్లో ముందు జరిగినదానికి హ్యాడ్ పెట్టాలని బడిలో చెప్పిన సూత్రాన్ని అక్షరాలా పాటించావు. తలుపు తాళం వేసి బయటికి వెళ్ళింది, అంతే కదా. పనులు జరిగిన వరుసలోనే చెబుతున్నంతసేపు సింపుల్ పాస్ట్ సరిపోతుంది. చెప్పే వరుస జరిగిన వరుసకు ఎదురు తిరిగినప్పుడు హ్యాడ్‌ను పిలవాలి.

ఇక నువ్వు వదిలేసిన చోటికి వస్తాను. ‘వెన్ మీరా కేమ్ హోమ్, హర్ బ్రదర్ లెఫ్ట్’ అన్నావు. నీ మనసులో ఉన్నది ‘మీరా ఇంటికి వచ్చేసరికి తమ్ముడు వెళ్ళిపోయాడు’ అన్న తెలుగు వాక్యమని నాకు తెలుసు, ఎందుకంటే ఆ తరువాతి పేరాలో ఆమె ఖాళీ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఉంది. కానీ నువ్వు రాసిన ఇంగ్లీషు వాక్యానికి అర్థం ‘మీరా రాగానే తమ్ముడు వెళ్ళిపోయాడు’ అని. అంటే అక్కను చూసి లేచి వెళ్ళాడన్నమాట! ఒక్క మాట లోపించినందుకు అన్యోన్యంగా ఉన్న అక్కాతమ్ముళ్ళ మధ్య తగవు పెట్టావు.

ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందో గమనించు. ‘వచ్చేసరికి వెళ్ళిపోయాడు’, ‘రాగానే వెళ్ళిపోయాడు’ అనే రెండు వాక్యాల్లోనూ ప్రధాన క్రియ ఒకటే. ఏది ముందో, ఏది తరువాతో చెప్పే భారాన్ని తెలుగు ఉపవాక్యం మీద, ఆ ‘సరికి’ మీద, ఆ ‘గానే’ మీద వేస్తుంది. ఇంగ్లీషులో ‘వెన్’ ఆ భారం మోయదు. అది రెండింటికీ ఒకటే. అందువల్ల ప్రధాన క్రియే మారాలి: ‘లెఫ్ట్’ అంటే రాగానే, ‘హ్యాడ్ లెఫ్ట్’ అంటే వచ్చేసరికి. నీ తెలుగు వాక్యంలో ‘సరికి’ గానీ ‘అప్పటికే’ గానీ వినిపిస్తే ఇంగ్లీషు క్రియ దగ్గర ఒక్క క్షణం ఆగు. ఈ చిన్న పరీక్ష నాకు చాలా ఏళ్ళుగా పనికివస్తోంది.

అన్నట్టు, డాక్టరు రాకముందే రోగి చనిపోయిన వాక్యం, ‘ద పేషెంట్ హ్యాడ్ డైడ్ బిఫోర్ ద డాక్టర్ కేమ్’, నువ్వూ వల్లె వేసే ఉంటావు. పాస్ట్ పర్‌ఫెక్ట్‌కు ఉదాహరణగా మనకందరికీ నేర్పిన ఆ వాక్యంలో హ్యాడ్ అవసరం నిజానికి చాలా తక్కువ. ‘బిఫోర్’ అన్న మాటే వరుసను తేల్చి చెబుతోంది కాబట్టి ‘డైడ్’ అన్నా అర్థం చెడదు. ‘ఆఫ్టర్’ సంగతీ అంతే.

ఉంచినవాటిలో మొదటిది చూడు. మీరా గదిలోకి అడుగుపెట్టింది, దీపం వేసింది, తరువాతి వాక్యం ‘సమ్‌వన్ హ్యాడ్ మూవ్డ్ ద చెయిర్’. ఇక్కడ హ్యాడ్ తీసేస్తే ఆమె చూస్తుండగానే ఎవరో కుర్చీ జరిపినట్టవుతుంది. అది ఉన్నందువల్ల ఆమె లేని సమయంలో ఎవరో వచ్చి వెళ్ళారన్న అనుమానం, ఆ సంగతి చెప్పకుండానే, గదిలోకి వచ్చేసింది. ఇది చదివాకే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాయాలనిపించింది.

మూడో పేజీలోని ఫ్లాష్‌బ్యాక్ విషయంలో నేనూ ఒకప్పుడు దెబ్బతిన్నవాణ్ణే. నా తొలి ఇంగ్లీషు కథలో బాల్యం గురించిన రెండు పేజీలను మొదటి నుంచి చివరి దాకా హ్యాడ్‌తోనే నడిపాను. ఒక సంపాదకుడు దాని అంచున పెన్సిలుతో ‘ఎంతసేపని వెనక్కి నడుస్తారు?’ అని రాసి తిప్పి పంపారు. ఆరోజు కోపం వచ్చినా, ఆయన చెప్పింది సబబే. ఫ్లాష్‌బ్యాక్ గుమ్మం దగ్గర రెండు మూడు వాక్యాల్లో హ్యాడ్ వాడితే పాఠకుడు లోపలికి వచ్చేస్తాడు. ఆ తరువాత సింపుల్ పాస్ట్‌లో హాయిగా నడిపించవచ్చు. బయటికి వచ్చే చోట ముందటి దృశ్యంలోని వస్తువును ఒకదాన్ని, నీ కథలోనైతే ఆ కుర్చీనే, మళ్ళీ చూపిస్తే చాలు.

మిగిలినవి చిన్నవి. ‘హ్యాడ్ కేమ్’ కాదు, ‘హ్యాడ్ కమ్’. వెనక వచ్చేది ఎప్పుడూ పాస్ట్ పార్టిసిపుల్, అంటే మనం బడిలో వీ త్రీ అని పిలిచిన రూపమే. ‘హ్యాడ్ హ్యాడ్’ వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా నీ వాక్యంలో చెవికి ఇబ్బందిగా ఉంది కాబట్టి మార్చాను. ‘హ్యావ్’, ‘హ్యాజ్’ చేరే ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌తో ‘ఎట్ సిక్స్’ వంటి నిర్దిష్ట సమయం పొసగదు గానీ, పాస్ట్ పర్‌ఫెక్ట్‌తో పొసగుతుంది. అక్కడ భయపడి సమయం తీసేయనక్కరలేదు.

ఉంచిన రెండోది ‘షి హ్యాడ్ హోప్డ్ టు సీ హిమ్’. ఆశించడం, అనుకోవడం వంటి క్రియలకు హ్యాడ్ చేరితే ఆ కోరిక తీరలేదన్న ధ్వని దానంతట అదే వస్తుంది. ఆమె అతణ్ణి చూడలేకపోయిందని పాఠకుడికి అక్కడే అర్థమైపోయింది. దాని వెంటనే ‘బట్ షి డిడ్ నాట్ సీ హిమ్’ అని రాశావు. ఆ వాక్యాన్ని మొత్తంగా కొట్టేశాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి