ఏడేళ్ల తర్వాత బయటికొస్తున్న తమ్ముడికి ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మా తమ్ముడు ఏడేళ్ల తర్వాత వచ్చే నెల రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి విడుదలవుతున్నాడు. అమ్మానాన్నా లేరు, ఊళ్లో ఇల్లూ లేదు. నేను కృష్ణలంకలో ఒకే గది అద్దెకు తీసుకుని పిల్లలతో ఉంటున్నా. చేతిలో డబ్బు లేదు, ఓనర్ ఏమంటారో అని ఒకటే టెన్షన్. ముందు ఏం చేయాలి?
– ఒక అక్క, విజయవాడ

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత, ఆ రోజు గేటు దగ్గర మనవాళ్లు ఒకరు ఉండాలి. బస్టాండులో ఒక్కడే దిగితే ముందు కనిపించేది పాత సావాసగాళ్లే.

ఈలోపు ములాఖత్‌కి వెళ్లినప్పుడు, లోపల చేసిన పనికి కూలి ఎంత జమైందో, అది ఎలా ఇస్తారో కనుక్కోమనండి. విడుదల కాగితం, మందులు వాడుతుంటే ఆ చీటీలు తప్పకుండా తెచ్చుకోవాలి. వేరే కేసులో వారెంటు ఏమైనా ఉందేమో కూడా చూసుకోవాలి, లేకపోతే బయటికొచ్చాక మళ్లీ పట్టుకెళ్తారు. దీనికి లాయరు ఫీజు గురించి భయపడకండి, 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు దారి చెబుతారు. 1987 చట్టం ప్రకారం జైల్లో ఉన్నవాళ్లకీ, ఆడవాళ్లకీ న్యాయ సహాయం ఉచితం.

అసలు చిక్కంతా ఫోన్ నంబరుతో. పాత సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, ఆధార్‌కి ఆ నంబరే ఉంటుంది, ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే చాలా పనులు అక్కడే ఆగిపోతాయి. ముందు వేలిముద్రతో కొత్త సిమ్ తీసుకుని, వెంటనే ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి ఆ నంబరు ఎక్కించండి, ఆ ఒక్క మార్పుకి కాగితాలేవీ అడగరు, వేలిముద్ర చాలు. తర్వాత జన్‌ధన్ ఖాతా, అందులో డబ్బు వేయకుండానే తెరవచ్చు. టీకొట్టు దగ్గర స్కాన్ చేసి పది రూపాయలు ఎలా కట్టాలో మీరే పక్కన నిలబడి నేర్పండి, అందరి ముందూ తడబడితే మళ్లీ గడప దాటడానికి వెనకాడతాడు.

ఓనరు అడిగితే అబద్ధం చెప్పొద్దు, అడగకపోతే వీధంతా చెప్పుకోనక్కర్లేదు. గదిలో ఇబ్బందైతే కార్పొరేషన్ నైట్ షెల్టర్ ఉంది, కొన్నాళ్లు అక్కడ పడుకుని భోజనానికి మీ దగ్గరికి రావచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

పనికి ఆటోనగర్ వెళ్లమనండి. జైల్లో వడ్రంగమో వెల్డింగో నేర్చుకుని ఉంటే షెడ్డు మేస్త్రీకి ఎక్కడ నేర్చుకున్నాడో ముందే చెప్పమనండి. ఇంకొకరి నోటి వెంట వింటేనే పనిలోంచి తీసేస్తారు.