హ్యారీ పాటర్ చివరి సినిమా చూసి అభిమానులు ఎందుకు అంతగా ఏడ్చారు?

ముగింపు తెలియక కాదు. ఆఖరి నవల 2007లోనే వచ్చేసింది. ఎవరు మిగులుతారో, ఎవరు పోతారో చదివినవాళ్లందరికీ తెలుసు. అయినా 2011 జులైలో ఎనిమిదో సినిమా చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చారు.

మొదటి సినిమా 2001 నవంబరులో వచ్చింది. అప్పుడు పదకొండేళ్లున్న పిల్లలకు చివరిది వచ్చేసరికి ఇరవై దాటాయి. హ్యారీగా నటించిన డేనియల్ ర్యాడ్‌క్లిఫ్ కూడా తెర మీద వాళ్లతోపాటే పెరిగాడు. నవలలు అయిపోయినా సినిమాలు మిగిలి ఉన్నాయన్న ఊరట ఉండేది. ఇక ఎదురుచూడటానికి ఏమీ లేకుండా పోయింది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో జరిగిన తొలి ప్రదర్శన వేడుకలో హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీగా నటించిన ఎమ్మా వాట్సన్ కూడా కన్నీళ్లు ఆపుకోలేకపోయింది.

హ్యారీ అసహ్యించుకున్న ఉపాధ్యాయుడు స్నేప్ జ్ఞాపకాలు బయటపడే ఘట్టం గుండెను పిండేస్తుంది, నిజమే. కానీ నన్ను కదిలించింది మాత్రం చివరి దృశ్యం. పందొమ్మిదేళ్ల తర్వాత, కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో, మాయాజాల బడికి తొలిసారి వెళ్తూ బెదిరిన కొడుకు ముందు హ్యారీ మోకాళ్ల మీద కూర్చుని ధైర్యం చెబుతాడు. మొదటి సినిమాలోని జాన్ విలియమ్స్ సంగీతమే మళ్లీ వినిపిస్తుంది. ఆ బడికి వెళ్లే రైలు కదులుతుంది. పదేళ్లుగా ఆ రైల్లో హ్యారీతో ప్రయాణించిన మనం ఈసారి పెద్దవాళ్ల పక్కన ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోతాం.