ముందు కారు సడన్‌గా ఆగితే, గుద్దిన తప్పంతా నాదేనా?

ప్రశ్న: విశాఖలో మద్దిలపాలెం నుంచి హనుమంతవాక వైపు కారులో వెళ్తుంటే, ముందున్న కారు ఎవరినో ఎక్కించుకోవడానికి రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. బ్రేక్ వేశాను, అయినా నా కారు దాని వెనక భాగానికి తగిలింది. ఎవరికీ దెబ్బలు లేవు. అతను 'వెనక గుద్దినోడిదే తప్పు, 60 వేలు ఇచ్చేయ్' అంటున్నాడు. ఇవ్వాలా?

జవాబు: ఇవ్వకండి. 'తప్పు నాదే' అని ఏ కాగితం మీదా రాసివ్వకండి కూడా. మీ ఇన్సూరెన్స్ కంపెనీని అడక్కుండా తప్పు ఒప్పుకుని సెటిల్ చేసుకుంటే, పాలసీ షరతు చూపించి రేపు వాళ్లు చేతులెత్తేయొచ్చు.

అలాగని మీ తప్పే లేదని నేను అనను. 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలకుండా ఆపుకోగలిగేంత దూరం వెనక ఉన్నవాళ్లే పాటించాలి. అందుకే కోర్టు ముందుగా మీవైపే చూస్తుంది. మీకూ ఆ కారుకీ మధ్య ఎంత దూరం ఉందో మీరు రాయలేదు, కేసులో అసలు ప్రశ్న అదే. కానీ అవే నిబంధనలు భద్రతకు అవసరమైతే తప్ప సడన్ బ్రేక్ వేయొద్దని కూడా చెబుతున్నాయి, మనిషిని ఎక్కించుకోవడం ఆ లెక్కలోకి రాదు.

కోయంబత్తూరు కేసు ఒకటి చెప్తాను. హైవే మీద కారు సిగ్నల్ ఇవ్వకుండా ఆగింది, వెనక బైక్ మీద వస్తున్న కుర్రాడు దాన్ని గుద్ది పడ్డాడు, అతని మీదుగా బస్సు వెళ్లి కాలు పోయింది. కారులో ఉన్న గర్భిణికి వికారంగా ఉందని ఆపామన్నారు. 2025లో సుప్రీంకోర్టు ఆ కారణం ఒప్పుకోలేదు: కారు డ్రైవర్‌ది 50 శాతం, బస్సుది 30, బైక్ కుర్రాడిది 20 శాతం తప్పని తేల్చింది. అంటే వెనకవాడి తప్పూ ఉంది, కానీ మొత్తం కాదు.

మీ మాట నిలబడాలంటే ఆధారాలు కావాలి. ఆ రోడ్డు పక్క షాపుల సీసీ కెమెరా ఫుటేజీ కొద్దిరోజుల్లోనే చెరిగిపోతుంది, ఈరోజే వెళ్లి అడగండి. డ్యాష్‌క్యామ్ ఉంటే కాపీ తీసి పెట్టుకోండి. ఆ కారు బ్రేక్ లైట్లు వెలిగాయా, ఇండికేటర్ వేశాడా, చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఇవి గుర్తున్నప్పుడే రాసుకోండి.

నగదే ఎందుకు అడుగుతున్నాడంటే, సొంత పాలసీలో క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోతుంది, లేదా అతనికి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే పనికొచ్చేది) తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. అతని బండికి మీవల్ల జరిగిన నష్టానికి మీ థర్డ్ పార్టీ పాలసీ ఉంది, ప్రైవేటు కార్లకు మామూలుగా 7.5 లక్షల వరకు. 'మా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాను, మీరు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేసుకోండి' అనండి, గొడవ పెట్టుకోవద్దు. వేయడానికి చట్టంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలే టైం అని ఉంది, కానీ ఆ గడువు దాటిందని క్లెయిమ్‌లు కొట్టేయొద్దని 2025లో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది.