ఒకే పేరుకు ఇద్దరు పలికితే

పర్లాకిమిడి

అమ్మలూ,

లైబ్రరీ కాల్స్‌ను, అంటే ప్రోగ్రాములు పంచుకునే కోడ్‌లోని ఫంక్షన్లను పిలవడాన్ని, పట్టి చూపించే ట్రేసింగ్ టూల్ సొంతంగా రాస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పి మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రీడ్‌ఎల్ఫ్ అనే లినక్స్ టూల్‌తో డైనమిక్ సింబల్స్, అంటే లైబ్రరీ బయటికిచ్చే ఫంక్షన్ల పేర్లు, చూడటం నీకు తెలుసు. లైబ్రరీ ఇచ్చే పేరు పక్కన ఒక అట్ (@) గుర్తుంటే పాత వెర్షన్, రెండుంటే (@@) డిఫాల్ట్, అంటే కొత్తగా కట్టే ప్రోగ్రాములకు దొరికేది. అంతే.

అసలు సంగతి వేరే ఉంది. మా తాతగారి పేరే మీ నాన్నకు పెట్టారు కదా. వీధిలోంచి ఎవరైనా "అప్పన్నా" అని మీ నాన్నను ఆటకు పిలిస్తే, అరుగు మీది తాతగారే "ఎవర్రా?" అనేవారు. లినక్స్‌లో చాలా ప్రోగ్రాములు వాడే మూల సీ లైబ్రరీ గ్లిబ్‌సీలోనూ అంతే. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని పాత ఫంక్షన్‌ను తీసెయ్యరు. కొత్తది అదే పేరుతో పక్కనే ఉంటుంది.

2009లో నేను భువనేశ్వర్‌లో ఉన్నాను. ఒక సర్వర్ రాత్రిపూట నెమ్మదిస్తోందంటే, మిగతా లైబ్రరీల కంటే ముందు మనదాన్ని ఎక్కించే ఎల్‌డీ ప్రీలోడ్‌తో మధ్యలో దూరే చిన్న లైబ్రరీ రాశాను. థ్రెడ్‌ను (ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పనిని) లేపేదాకా నిద్రపుచ్చే పీథ్రెడ్ కండ్ వెయిట్‌ను పట్టుకుని, అసలు ఫంక్షన్ కోసం పేరుతో వెతికే డీఎల్‌సిమ్‌ను, "నా తరవాతి లైబ్రరీల్లో చూడు" అనే ఆర్‌టీఎల్‌డీ నెక్స్ట్‌తో, పేరు మాత్రమే ఇచ్చి అడిగాను. కొత్త వెర్షన్ 2.3.2 రావలసింది, పాతది 2.2.5 పలికింది. పాతది ఆ కండిషన్ వేరియబుల్లో, అంటే థ్రెడ్లు ఎదురుచూసే చోట, ఒక పాయింటర్ (ఇంకో చోటి చిరునామా) ఉంటుందనుకుంటుంది. కొత్తది తన లెక్కలన్నీ అక్కడే పెట్టుకుంటుంది. నిద్రపోయే థ్రెడ్‌ను లేపే సిగ్నల్ ఫంక్షన్‌ను నేను ముట్టుకోలేదు, అది కొత్తదే. లేపే కాల్ ఒక చోట తడుతుంటే, థ్రెడ్లు ఇంకో చోట నిద్రపోయాయి. సర్వర్ బిగుసుకుపోయింది.

ఆ సర్వర్లో థ్రెడ్లకు పనులు వరసగా అందించే క్యూ కోడ్ రాసింది అప్పుడే చేరిన కుర్రాడు. తప్పు అందులోనే ఉందనుకుని, "లాక్ వెయ్యడం రానివాడివి ఉద్యోగానికెందుకొచ్చావు" అని అందరి ముందూ అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. రెండు రాత్రులు కూర్చుని తన కోడే తిరగేసుకున్నాడు. మూడో రోజు నా లైబ్రరీ తీసేస్తే సర్వర్ హాయిగా నడిచింది. క్షమించమని అడిగాను. "పర్లేదు సార్" అన్నాడు. కళ్లు మాత్రం ఎత్తలేదు. నాకు ఆ పూట ముద్ద దిగలేదు. ఇప్పటికీ ఆ మొహం గుర్తొస్తుంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, విను. డీఎల్‌విసిమ్‌తో వెర్షన్ కూడా ఇచ్చి అడుగు. వెయిట్‌ను పట్టుకుంటే సిగ్నల్‌నూ, అన్ని థ్రెడ్లనూ లేపే బ్రాడ్‌కాస్ట్‌నూ, మొదట సిద్ధం చేసే ఇనిట్‌నూ, మిగతా వాటినీ పట్టుకో. కొత్త గ్లిబ్‌సీలో ఈ డీఎల్‌సిమ్ తేడా సరిచేశారు. అయినా పాత యంత్రాలు చాలా చోట్ల నడుస్తూనే ఉంటాయి.

కెర్నెల్ పెట్టే కాపలా యూప్రోబ్ అయితే పేరు మీద కాదు, ఫైల్లోని చోటు మీద కూర్చుంటుంది. మెమరీని ఫైల్‌లా తెరిచే ఎఫ్‌మెమ్‌ఓపెన్‌కు 64 బిట్ ఇంటెల్ యంత్రాల్లో 2.2.5, 2.22 అని రెండున్నాయి. ఒక్కదాని మీదే పెడితే రెండోదాని కాల్స్ నీకు కనబడవు. దీనికి తిరగేసిందీ ఉంది. 2021లో వచ్చిన గ్లిబ్‌సీ 2.34లో, థ్రెడ్‌ను పుట్టించే పీథ్రెడ్ క్రియేట్‌కు పాత వెర్షన్ పేరూ కొత్తదీ ఒకే చిరునామాకు పోతాయి. అక్కడ ఒక కాల్‌ను రెండుగా లెక్కపెట్టకు. చూపించేటప్పుడు అట్ తరవాతి భాగాన్ని కత్తిరించకమ్మా. చదివేవాళ్లకు ఎవరు పలికారో తెలియాలి.

కోప్పడ్డాననుకోకు. నువ్వు నాకంటే జాగ్రత్తగల దానివి.

సెలవుల్లో గుణుపూర్ రైలెక్కి వచ్చెయ్. సెంటోస్ 6 లినక్స్ ఉన్న పాత కంప్యూటర్ డబ్బా ఒకటి నా దగ్గరుంది, గ్లిబ్‌సీ 2.12. వెయిట్, సిగ్నల్ రెండూ వాడే చిన్న ప్రోగ్రాం రాసి ఉంచుతాను. నీ టూల్ దాని మీద నడిపి చూద్దాం.

నీ పెదనాన్న