గోదావరి పాయల మధ్య నింపాదిగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన వెంటనే, మంచం పట్టిన మా అత్తగారి సేవలో రెండేళ్లు గడిచాయి. ఆవిడ ఈ శ్రావణంలో కాలం చేశారు. ఇప్పుడు నాకు ఒళ్లు కంటే మనసు ఎక్కువ అలసినట్లుంది. ఫ్రాన్సులో ఒక పల్లెలోని చిన్న హోటల్లో గోడల నిండా పెద్ద చిత్రకారుల బొమ్మలుంటాయనీ, వెళ్లినవారు ఎక్కడికీ కదలకుండా అక్కడే సేదదీరుతారనీ చదివాను. కోనసీమలో అటువంటి విడిది దొరుకుతుందా? మావారు మాత్రం మూడు రోజుల్లో ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, అంతర్వేది, యానాం చూపించే కారు మాట్లాడతానంటున్నారు. – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు మీవారి కారు సంగతి. ఇంట్లో పెద్దవారు పోతే సంవత్సరీకాలు అయ్యేదాకా తీర్థయాత్రలకు వెళ్లకూడదని పాటించే కుటుంబాలు మన వైపు ఇంకా చాలా ఉన్నాయి. మీ ఇంటి ఆచారమేమిటో ఆయనకు ఒకసారి గుర్తుచేయండి. ఆ జాబితాలోని ఊళ్లు తమంతట తామే తగ్గిపోవచ్చు. ఆచారం అడ్డురాకపోయినా, రెండేళ్లపాటు మందుల వేళలకు లేచి కూర్చున్న మనిషిని మళ్లీ దర్శనం వేళలకు పరుగెత్తించడం నాకు సమ్మతం కాదు.

మీరు చదివినది బహుశా సాన్ పాల్ ద వాన్స్‌లోని ‘లా కొలాంబ్ దోర్’ గురించి అయి ఉంటుంది. బంగారు పావురం అని ఆ పేరుకు అర్థం. పాల్ రూ అనే ఆయన 1920లో అక్కడ ఒక చిన్న కాఫీ హోటలు తెరిచి, తరువాత గదులు చేర్చి దానిని బసగా మార్చాడు. మతీస్, పికాసో, బ్రాక్, లెజే వంటివారి చిత్రాలు అక్కడికి చేరాయి. కొన్ని భోజనానికీ బసకూ బదులుగా వచ్చినవైతే, కొన్ని స్నేహం కొద్దీ ఇచ్చినవి. ఈతకొలను పక్కన గాలికి మెల్లగా తిరిగే శిల్పం కాల్డర్ చేసినది. భోజనానికి కూర్చునేవారి తలల మీదనే ఆ బొమ్మలు వేలాడుతుంటాయి కాబట్టి అక్కడ తినడానికో ఉండడానికో వెళ్లినవారే వాటిని చూస్తారు.

అంతటి సంపదను కోనసీమలో వెతికితే నిరాశ తప్పదు. మీరు వెతకవలసినది, గోడ మీద ఉన్న వస్తువుకూ ఇంట్లో ఉన్న మనిషికీ మధ్య అటువంటి చుట్టరికం కనిపించే ఇల్లు. గది మాట్లాడుకునే ముందు ఫోను చేసి, చావడిలో ఉన్న బొమ్మ ఎవరు వేశారని అడగండి. ఎవరు వేశారో, ఎప్పుడు ఎలా ఇంటికి వచ్చిందో రెండు మాటలు చెప్పగలిగితే ఆ ఇంటికి వెళ్లవచ్చు. ‘డెకరేషన్ వాళ్లు తెచ్చి పెట్టారండీ’ అంటే గది ఎంత శుభ్రంగా ఉన్నా మరో ఇల్లు చూసుకోండి. అలాగే మండువా ఇల్లు అని ప్రకటించినవారిని నడిమి భాగం ఇంకా ఆకాశానికి తెరిచి ఉందా అని తప్పక అడగండి. నాలుగు వైపుల పెంకుల మీది నుంచి వాన నీరు ఒకేసారి నడిమి గుంటలోకి దిగుతుండగా వసారాలో పడక కుర్చీలో కూర్చుని చూడటం మీకు ఏ మందూ ఇవ్వలేని నిద్రనిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలంటే, కార్తికం వెళ్లాక మాఘం దాకా మంచి కాలం. అంతకు ముందు వాయుగుండాల భయం ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను రాత్రిని చూసిన కోనసీమ మనిషి ఆ నెలలో ఆకాశాన్ని ఇప్పటికీ అనుమానంగానే చూస్తాడు. సంక్రాంతి నాలుగు రోజులూ వదిలేయండి, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం గొప్పదే గాని అది విశ్రాంతికి పనికిరాదు. మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది దారులు నిండిపోతాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి కాలువ గట్టు మీది గదికి డబ్బిచ్చి బురద చూడవలసి వస్తుంది.

కనీసం నాలుగు రాత్రులు ఒకే చోట ఉండండి. మొదటి రోజు నిద్రకు వదిలేయండి. తరువాత పొద్దున్నే గట్టు మీద నడక, దాళ్వా (రెండో పంట) చేలల్లో నాట్లు వేస్తుంటే కాసేపు నిలబడి చూడటం, మధ్యాహ్నం ఒక్క బొమ్మ ముందు కూర్చోవడం చాలు. కారులోనే ఉండాలనిపిస్తే మీవారు ఉండవచ్చు గాని, ఒక సాయంత్రం కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటి రండి. గోదావరి గౌతమీ పాయ మీద ఆ పంటు నడిచే వేగమే మీ ప్రయాణమంతటికీ సరిపోయే వేగం. తిరుగు దారిలో ఒక పూట మిగిల్చుకుని రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లండి. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపల్ కూల్డ్రే చూపిన దారిలో బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి చదువుకుని, సొంత ఊరికి తిరిగివచ్చి చిత్రకళాశాల పెట్టి, 28 ఏళ్లు నిండకముందే 1925లో మశూచితో పోయిన మనిషి ఆయన. ఒక గంటలో అన్నీ చూసేయకండి, నాలుగు చిత్రాలు చూసి బయటికి వచ్చి గోదావరి గట్టున కూర్చోండి.

ప్రశ్న: రాజోలు దగ్గర మా తాతగారి మండువా ఇల్లు ఖాళీగా ఉంది. నాలుగు గదులు అతిథులకు ఇద్దామనుకుంటున్నాం. డెకరేటరు బుద్ధుడి బొమ్మలు, కేరళ పడవల ఫొటోలు పెట్టి, మండువా మీద ఫైబర్ షీటు వేద్దామంటున్నారు. మీ సలహా? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: షీటు వేయకండి. అది వేస్తే ఇంటికి గాలీ వెలుతురూ పోయి వేడి మిగులుతుంది. అతిథి వచ్చేది ఆ తెరిచిన చోటు కోసమే. పడవలు చూడాలంటే మన రేవులోనే ఉన్నాయి, పక్క రాష్ట్రం నుంచి ఫొటోలు తేవలసిన అవసరం నాకు తోచలేదు.

ముందు అటక దించండి. పాత కోనసీమ ఇళ్లలో రవివర్మ ప్రెస్సు అచ్చుబొమ్మలు, పెళ్లినాటి ఫొటోలు, ఇత్తడి గంగాళాలు, ఉయ్యాల బల్లలు తరచుగా దొరుకుతాయి. దొరికిన వాటిని మెరుగు పెట్టించి మార్చేయకుండా, మెత్తని పొడి బట్టతో దుమ్ము తీయించండి. డెల్టా తేమకు కాగితం బూజు పడుతుంది కాబట్టి అద్దం బొమ్మకు అంటకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి. పటానికి వెనుక చిన్న బిరడా ముక్కలు అతికించి గోడకూ పటానికీ మధ్య గాలి ఆడనివ్వండి. వాన కొట్టే బయటి గోడకు ఏ బొమ్మనూ తగిలించవద్దు, చెదలను ఏటా చూసుకోవాలి. కిటికీలకు నరసాపురం లేసు అల్లికలు చాలు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిని అల్లిన ఆడవారి నుంచే కొనండి, అల్లినవారి పేరు అతిథికి చెప్పండి. అతిథులు రాని వానకాలంలో ఒక యువ చిత్రకారునికి నెల రోజులు గది, భోజనం ఇచ్చి, వెళ్లేటప్పుడు ఒక బొమ్మ అడిగి తీసుకోండి. పదేళ్లలో మీ గోడలకు చరిత్ర ఏర్పడుతుంది. విదేశీయులను దింపుకుంటే 24 గంటల్లో వారి వివరాలు అధికారులకు తెలపాలన్నది మాత్రం మరవకండి.

ప్రశ్న: జనవరిలో అటువంటి విడిదికి వెళ్తున్నాం. పులస వండి పెడతారా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సముద్రపు విలస ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చినప్పుడే పులస అవుతుంది, అంటే ఇంచుమించు జూలై నుంచి సెప్టెంబరు దాకా. జనవరిలో పులస అని వడ్డిస్తే సామెతను నమ్మి పుస్తెలు అమ్మకండి, ఆ వంటవాడిని ఏ రేవులో పడ్డదో అడగండి. ఆ నెలలో పండుగప్ప పులుసు అడిగి చేయించుకోండి. ముందు రోజు రాత్రి వండించి, మర్నాడు తినండి.