నాటికలో నవ్వు ఎవరి మీద పడుతోంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఉగాది వేడుకకి పదిహేను నిమిషాల హాస్య నాటిక రాశాను. శ్రీకాకుళం యాస మాట్లాడే వాచ్‌మన్, అతన్ని చులకన చేసే సెక్రటరీ ముఖ్య పాత్రలు. ఎత్తిపొడవాలనుకున్నది సెక్రటరీని. రిహార్సల్లో మాత్రం అందరూ వాచ్‌మన్ యాసకే నవ్వారు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు వాచ్‌మన్ మాటలన్నీ పుస్తకాల తెలుగులోకి మార్చి చదివించండి. నవ్వు రాలేదంటే అక్కడ జోకు లేదు, యాసే ఉంది. ఆ వాక్యాలు కొట్టేయండి. మిగతాచోట్ల యాస ఉంచొచ్చు. అయితే మాటకో ‘ఏటి’, పూటకో ‘ఒలమ్మో’ తగిలిస్తే అది సిక్కోలు మాట కాదు, సినిమా కమెడియన్ మాట. ఆ వేషం శ్రీకాకుళం మనిషికే ఇచ్చి, డైలాగులు ఆయన్నే దిద్దమనండి.

అసలు చిక్కు సెక్రటరీ పాత్రలో ఉండుంటుంది. అమెరికాలో 1971లో మొదలైన ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ టీవీ సీరియల్లో ఆర్చీ బంకర్ అని ఒకడు కనిపించిన జాతినల్లా తిట్టిపోస్తుంటాడు. వెక్కిరించడానికే పుట్టించిన పాత్ర. తీరా 1974లో విడ్మర్, రోకీచ్ అనే పరిశోధకులు చూస్తే, అలాంటి దురభిప్రాయాలు బలంగా ఉన్నవాళ్లు ఆర్చీనే ఎక్కువగా మెచ్చుకున్నారని తేలింది. మీరూ పంచ్‌లన్నీ సెక్రటరీకిచ్చి వాచ్‌మన్‌ని బిక్కమొహంతో నిలబెడితే జరిగేది అదే.

ఇలా తిప్పి చూడండి. మొదటి మూడు నిమిషాల్లోనే సెక్రటరీ తన గోడు చెప్పుకోవాలి: ఢిల్లీలో తనని ‘మద్రాసీ’ అన్నారని. హాలంతా తలూపుతుంది. విశాఖలో ఆ మాట అనిపించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఎనిమిదో నిమిషం వచ్చేసరికి అదే నోటితో మూడో అంతస్తు నేవీ కుటుంబాన్ని ‘హిందీవాళ్లు’ అంటాడు, టైల్స్ మేస్త్రీనీ అంతే, బ్యూటీపార్లర్ అమ్మాయిని ‘నేపాలీ’ అంటాడు. వాచ్‌మన్ ఎదురు చెప్పక్కర్లేదు. గేటు రిజిస్టరు తీసి ఆ ముగ్గురి ఊళ్లు చదివితే చాలు: ముర్షిదాబాదు, బరంపురం, ఇంఫాల్. ఒకటి బెంగాల్, ఒకటి ఒడిశా, ఒకటి మణిపూర్. తర్వాత రెండు సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. ఇందాక తలూపినవాళ్లకి తామూ అలాగే అంటామని గుర్తొచ్చేది అప్పుడే. ఆ ఖాళీలో ‘మనమంతా భారతీయులం’ లాంటి డైలాగు పెట్టారో, అంతా గంగలో కలిసినట్టే.

మళ్లీ రిహార్సల్‌కి కొత్తవాళ్లని ఆరేడుగురిని పిలవండి. వాళ్లలో ఇద్దరైనా శ్రీకాకుళం వైపు వాళ్లుండాలి. ఫోన్ కెమెరా చూసేవాళ్ల వైపు తిప్పండి: ఎవరు ఎక్కడ నవ్వారో, ఎవరు పక్కవాళ్లని చూసి నవ్వారో తెలుస్తుంది. అయ్యాక చీటీల మీద ‘ఎవర్ని చూసి నవ్వారు?’ అన్నదానికి ఒక్క పాత్ర పేరు రాయమనండి. ఇద్దరు ‘వాచ్‌మన్’ అని రాసినా మళ్లీ దిద్దాల్సిందే.

ఇంకో జాగ్రత్త. చప్పట్లు పడగానే సెక్రటరీ వేషగాడు యాస అనుకరించి సొంత డైలాగులు కలుపుతాడు. స్క్రిప్టు దాటొద్దని ముందే గట్టిగా చెప్పండి.

ప్రశ్న: ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సీమ మీద బాంబుల జోకులు పెడుతుంటాం. కడప సహోద్యోగి కూడా నవ్వుతాడు. ఇంకేం తప్పు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: పదిమందిలో సీమ నుంచి ఒక్కడే ఉన్నప్పుడు నవ్వక ఏం చేస్తాడు? నవ్వకపోతే ‘సరదా తెలీదు’ అంటారు. పైగా ఇలాంటి జోకులతో, ముందే చిన్నచూపు ఉన్నవాళ్లకి ‘ఇక్కడ ఇది చెల్లుతుంది’ అన్న ధీమా వస్తుందని ఫోర్డ్, ఫెర్గూసన్ అనే పరిశోధకులు 2004లోనే రాశారు. గ్రూపు పైకి జరిపి నెల రోజుల జోకులు లెక్కపెట్టండి, సీమ మీద ఎన్నో, గాజువాక వాళ్ల మీద ఎన్నో.